కట్టెలమోపూ, అయిదెకరాలూ

మా అమ్మమ్మ ఇంట్లో 'దొంగకట్టెలు' అన్నది తిట్టు కాదు. బియ్యం, పప్పు, దొంగకట్టెలు - ఇంటికి కావలసిన వాటి వరసలో అదీ ఒకటి. చండ్రుగొండకి కాస్త దూరంలో, కనకగిరి గుట్టలు కనపడే ఊరు. వేసవి సెలవుల్లో వెళ్ళినప్పుడు తెల్లవారుజామునే పెరట్లో దబ్బున మోపు పడ్డ చప్పుడు వినిపించేది. ఒక కోయ అవ్వ తలమీది గుడ్డచుట్ట తీసి, దాంతోనే మొహం తుడుచుకుంటూ నిలబడేది. "దొంగకట్టెలకి కూడా ఇంత రేటా?" అనేది అమ్మమ్మ. ఆ మాటతో బేరం సగానికి దిగేది. అవ్వ నవ్వి, ఇచ్చినంత తీసుకుని వెళ్ళిపోయేది.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏడు. ఒకరోజు ఖాకీ బట్టల్లో ఇద్దరు మనుషులు రోడ్డుమీదే ఆమెను ఆపారు. మోపు దింపించారు, గొడ్డలి లాక్కున్నారు. ఆమె మా ఇంటివైపు చూసింది. అమ్మమ్మ తలుపు దగ్గరగా వేసింది. ఆ సాయంత్రం మా స్నానాలకి నీళ్ళు కాగింది అంతకుముందు రోజు కొన్న మోపుతోనే. పొయ్యి దగ్గర కూర్చున్న నాకు దొంగ ఎవరు అన్న సందేహం రాలేదు. దొంగ గొడ్డలి పోగొట్టుకున్న అవ్వే. మేం కట్టెలు కొన్నవాళ్ళం, అంతే.

నిరుడు న్యాయశాస్త్రం చెప్పే ఒక స్నేహితురాలు ఇంగ్లండు దొంగతనం చట్టం మీద పాఠాన్ని తెలుగులో పెట్టి ఇమ్మని అడిగింది. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని, మాటలతో పనే కదా అని ఒప్పుకున్నాను. 1968 నాటి ఆ చట్టం దొంగతనానికి అయిదు అంశాలు చెబుతుంది. ఒక వస్తువు ఉండాలి. అది పరాయివాళ్ళది అయి ఉండాలి. దాన్ని సొంతం చేసుకోవాలి. ఆ చేయడంలో నిజాయితీ లేకపోవాలి. అవతలివాళ్ళకి అది ఇక ఎప్పటికీ దక్కకుండా చేయాలనే ఉద్దేశం ఉండాలి. అయిదింటిలో ఏ ఒక్కటి లేకపోయినా దొంగతనం కాదు. చూడటానికి ఎంత పొందికగా ఉందో! ఒక్కొక్క మాటకీ తెలుగు వెతుకుతూ పోయినకొద్దీ నాకు పెరట్లో మోపు చప్పుడే వినపడసాగింది.

మొదటి చిక్కు 'పరాయి' దగ్గరే వచ్చింది. పరాయి సొమ్ము అని రాసుకున్నాను. ఆడపిల్లను గురించి కూడా మనం వాడే మాటే అది. ఒక వస్తువు పరాయిది కావాలంటే ముందు అది ఎవరిదో ఒకరిది అయి ఉండాలి. అడవి ఎవరిది? ఈ ప్రశ్నకి దొంగతనం చట్టం జవాబు చెప్పదు. జవాబు వేరే చోట ముందే తయారై ఉంటుందని అనుకుంటుంది. ఆ వేరే చోటి పేరే అటవీ చట్టం.

1870లలో మద్రాసు రెవెన్యూ బోర్డు, తమ రాజధానిలో ఏదో ఒక ఊరి పొలిమేరలో లేని అడవి దాదాపు లేదనీ, వాటిమీద ప్రభుత్వం సొంతహక్కు చెలాయించిన దాఖలా లేదనీ వాదించింది. అదే కాలంలో బేడెన్ పావెల్ వంటి అధికారుల వాదన వేరు. రాతలో లేని వాడుక హక్కు కాదు, ప్రభుత్వం దయతో ఇచ్చిన సౌకర్యం మాత్రమే అన్నారు వాళ్ళు. 1878 భారత అటవీ చట్టంలో ఆ వాదనే గెలిచింది. మద్రాసు కొన్నాళ్ళు ఎదురు నిలిచి 1882లో తన చట్టం తాను చేసుకుంది. అప్పటికి భద్రాచలం తాలూకా సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి గోదావరి జిల్లాకి వచ్చి ఎనిమిదేళ్ళే అయింది. గోదావరికి అవతల మద్రాసు చట్టం, ఇవతల పాల్వంచ వైపు నిజాం చట్టం. ఏరు ఒకటే, కోయవాళ్ళు ఒకటే, ఇప్పచెట్టు ఒకటే. యజమానులు మాత్రం ఇద్దరు. 1959లో భద్రాచలాన్ని ఖమ్మం జిల్లాలో కలిపారు. 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ఆ రెండు పాత చట్టాల స్థానంలో వచ్చింది. యజమానులు ఒక్కరయ్యారు. ఆ ఒక్కరు మోపు ఎత్తే మనిషి కాదు.

అటవీ చట్టాల్లో ఒక చిన్న నిబంధన ఉంది. 1927 భారత అటవీ చట్టంలో అది 69వ సెక్షను. ఒక అటవీ ఉత్పత్తి ప్రభుత్వానిదా కాదా అన్న ప్రశ్న వస్తే, కాదని రుజువయ్యేదాకా ప్రభుత్వానిదేనని భావించాలి. మామూలు దొంగతనం కేసులో వస్తువు తనదని ఫిర్యాది చూపించుకోవాలి. ఇక్కడ తలమీద మోపు ఉన్న మనిషే అది ప్రభుత్వానిది కాదని చూపించుకోవాలి. చదువు రాని అవ్వ ఏ కాగితం చూపిస్తుంది?

ఇక మనసు సంగతి. ఇంగ్లండు చట్టమైనా, 1860 భారత శిక్షాస్మృతి 378వ సెక్షను అయినా, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను అయినా, దొంగతనానికి దురుద్దేశం ఉండి తీరాలంటాయి. ఆ వస్తువు తనదేనని, దాని మీద తనకు హక్కుందని నిజంగా నమ్మి తీసుకున్న మనిషి దొంగ కాదు. శిక్షాస్మృతిలో దొంగతనం సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణల్లో చిట్టచివరిది సరిగ్గా ఇదే. అంటే 'ఈ అడవి మా తాతముత్తాతలది, మా కట్టెలే మేం తెచ్చుకున్నాం' అని నమ్మే మనిషి కోర్టులో ఆ మాట చెప్పగలిగితే దొంగతనం నిలవడం కష్టం. కానీ ఆమెను ఆ సెక్షను కింద పట్టుకోరు. అటవీ చట్టం కింద పట్టుకుంటారు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా కొట్టావా, తెచ్చావా అన్నంతవరకే అక్కడి ప్రశ్న. ఆమె ఏమి నమ్మిందో అడగవలసిన పని లేదు. ఊళ్ళో అందరూ పిలిచే పేరు దొంగ. ఆ పేరుతో పాటు రావలసిన రక్షణ మాత్రం రాదు.

నిజాయితీని దేనితో కొలవాలన్న దాని మీద ఇంగ్లండు కోర్టులు చాలా కాలం తర్జనభర్జన పడ్డాయి. 1982 ఘోష్ కేసులో రెండు మెట్ల పరీక్ష పెట్టారు. మామూలు మర్యాదస్తుల దృష్టిలో ఆ పని నిజాయితీ లేనిదేనా? వాళ్ళలా అనుకుంటారని నిందితుడికి తెలుసా? 2017లో ఐవీ కేసులో సుప్రీంకోర్టు రెండో మెట్టు తీసేసింది. నిందితుడికి తెలిసిన సంగతులేమిటో చూసి, వాటిని మామూలు మర్యాదస్తుల కొలబద్దతో కొలిస్తే చాలంది. ఎవరీ మర్యాదస్తులు అని ఆలోచిస్తే నాకు తట్టింది మా అమ్మమ్మే. శుక్రవారం గడపకి పసుపు రాసి, అప్పు ఎగ్గొట్టని, అబద్ధమాడని మనిషి. ఆమె కొలతలో అవ్వ తెచ్చినవి దొంగకట్టెలు, తాను చేసింది కొనుగోలు. నిజానికి దొంగసొత్తని తెలిసి తీసుకోవడం శిక్షాస్మృతి 411వ సెక్షను కింద నేరం. ఆమెకు తెలుసనడానికి రుజువు ఆమె నోటి మాటే. అయినా తలుపు వేసుకోగలిగింది అమ్మమ్మే, రోడ్డు మీద నిలబడవలసి వచ్చింది అవ్వే.

'మోపు' అంత పాతది మన తెలుగులో 'పరిగె'. కోత అయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకోవడం, సాధారణంగా ఆడవాళ్ళూ పిల్లలూ చేసే పని. ఇంగ్లండులోనూ అంతే. 1788లో సఫోక్ జిల్లా టిమ్‌వర్త్ గ్రామంలో మేరీ హౌటన్ అనే ఆమె ఒక ఆసామి పొలంలో పరిగె ఏరుకున్నందుకు దావా వేశారు. పరిగె ఏరుకోవడం పేదలకి చట్టం ఇచ్చిన హక్కు కాదని కోర్టు ఎక్కువమంది న్యాయమూర్తుల మాటగా తేల్చింది. కేసు పేరులో ఉన్నది భర్త ఇంటిపేరు. 'అతని భార్య' అనే రెండు లాటిను ముక్కల్లో ఆమె ఉంది. 1842లో జర్మనీ రైన్ ప్రాంతంలో రాలిన పుల్లలు ఏరుకోవడాన్ని కూడా కలప దొంగతనం కింద చేర్చబోతే, యువకుడైన మార్క్సు పత్రికలో వరసగా వ్యాసాలు రాశాడు. రాలిన పుల్లకీ నరికిన చెట్టుకీ తేడా ప్రకృతికి తెలుసు, చట్టసభకి తెలియలేదన్నది ఆయన వాదన సారాంశం. ఇక మన దగ్గర, ఆడవాళ్ళకి సొంత ఆస్తి లేదని చెప్పిన మనువు కూడా దుంపలు, పళ్ళు, అగ్నికోసం కట్టెలు, ఆవులకోసం గడ్డి తీసుకోవడం దొంగతనం కాదన్నాడు. మనువు వదిలేసిన దాన్ని కూడా పట్టుకుంది ఆధునిక చట్టం!

అన్నిటికంటే నన్ను ఆపింది ఇంగ్లండు చట్టంలో ఇంకో సంగతి. 1968 చట్టం నాలుగో సెక్షను ప్రకారం, ఎవరి నేలలోనైనా తనంత తాను మొలిచిన పుట్టగొడుగులు, పూలు, పళ్ళు, ఆకులు కోసుకోవడం దొంగతనం కాదు, అమ్ముకోవడానికి కోస్తే తప్ప. ఆ 'తప్ప' దగ్గర మన అడవి ఆడవాళ్ళు ఆగిపోతారు. ఇంగ్లండులో ఆదివారం షికారుకు వెళ్ళి పుట్టగొడుగులు కోసుకునే కుటుంబం ఆ గీతకి ఇవతల ఉంటుంది. ఇప్పపువ్వు ఏరి, అడ్డాకు కోసి, సంతలో అమ్మి ఉప్పూ నూనే కొనుక్కోవలసిన మనిషి ఆ గీతకి అవతల పడుతుంది. తునికాకు సంగతి మరీ విచిత్రం. 1971 చట్టంతో బీడీ ఆకు వ్యాపారం ప్రభుత్వ గుత్తాధిపత్యం అయింది. మండుటెండలో ఆకు కోసి, కట్ట కట్టి, కల్లానికి చేర్చిన ఆమె చేతికి వచ్చే డబ్బుకి పేరు ఆకు ధర కాదు, సేకరణ కూలి. ఆకు ఆమెది కాదన్న సంగతి ఆ పేరులోనే ఉంది.

అదే నాలుగో సెక్షనులో అంతకుముందు వాక్యం చదివి కాగితాలు పక్కన పెట్టేశాను. కొద్ది మినహాయింపులు తప్ప, భూమిని దొంగిలించడం సాధ్యం కాదు అంటుంది అది. మన 378వ సెక్షనుదీ అదే మాట. చరాస్తి మాత్రమే దొంగతనానికి లోనవుతుంది. నేలకి అంటుకుని ఉన్నంతకాలం ఏదీ దొంగసొత్తు కాదు. నేలనుంచి వేరుచేసిన క్షణంలో అవుతుంది. ఆ సెక్షను కింద మొట్టమొదటి ఉదాహరణే ఇంకొకరి నేలలో చెట్టు నరికిన మనిషి. చెట్టు కూలితే దొంగతనం, చెట్టు కింద నేలంతా చేతులు మారితే కాదు. దానికి వేరే పేర్లు - ఆక్రమణ, బదిలీ, వివాదం, తగాదా. తలమీద మోయగలిగినదే దొంగతనం. తలమీద మోయలేనంత పెద్దది తీసుకుంటే ఆ మాట వర్తించదు. 'భూమిని దొంగిలించారు' అని మనం రాస్తే అది అలంకారం. 'కట్టెలు దొంగిలించింది' అని రాస్తే అది కేసు.

ఈ పాఠం నా బల్లమీద ఉండగానే అమ్మమ్మ పోయింది. తాతయ్య అంతకు చాలా ఏళ్ళ ముందే పోయారు. కర్మకాండలయ్యాక మామయ్య అమ్మ ముందు ఒక కాగితం పెట్టాడు. హక్కు విడుదల పత్రం. "నీకెందుకే అక్కా ఆ భూమి, నువ్వు వచ్చి దున్నుతావా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉందని 1956 వారసత్వ చట్టమే చెప్పింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆడపిల్లలు సంతకాలు పెట్టి పుట్టింటి మర్యాద కొనుక్కోవాలా? అమ్మని సంతకం పెట్టనివ్వలేదు. భూమి కాగితాలన్నీ చూపించమన్నాను.

ట్రంకుపెట్టె అడుగున అయిదెకరాల కాగితం దొరికింది. తెల్లకాగితం మీద రాసిన సాదాబైనామా, 1966 నాటిది. కింద ఒక వేలిముద్ర, పక్కన ఒక కోయ ఆసామి పేరు, 'నా ఇష్టపూర్వకముగా' అనే మాట. ఎవరో కరణం చేతిరాత. మా తాతయ్య కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు. ఇక్కడ కొన్నది చవగ్గా కొన్నాడని ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

చదువుకున్న పాపానికి తేదీ దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. ఏజెన్సీ గ్రామాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చేసిన 1959 రెగ్యులేషనుని తెలంగాణ ప్రాంతానికి 1963లో వర్తింపజేశారు. ఆ తర్వాత ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేని బదిలీ చెల్లదు. ఈ కాగితం మీద అనుమతి లేదు. 1970 నాటి సవరణ, మనందరికీ 'వన్ ఆఫ్ సెవెంటీ' అన్న పేరుతో తెలిసినది, ఇంకో అడుగు ముందుకు వేసింది. ఏజెన్సీలో గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి ఏదైనా, కాదని రుజువయ్యేదాకా గిరిజనుల నుంచి వచ్చినదేనని భావించాలంది. 1988లో సుప్రీంకోర్టు ఆ నిబంధనని సమర్థించింది.

రెండు ఊహలు పక్కపక్కన పెట్టి చూడండి. అవ్వ తలమీది మోపు ప్రభుత్వానిదని ఒక చట్టం ఊహ. మా అయిదెకరాలు అవ్వ లాంటి వాళ్ళదని ఇంకో చట్టం ఊహ. మొదటిది రోడ్డుమీద పొద్దున్నే అమలయింది, గొడ్డలి పోయింది. రెండోది యాభై ఏళ్ళు దాటినా మా ట్రంకుపెట్టె దాకా రాలేదు. ఇన్నేళ్ళలో మమ్మల్ని ఎవరూ దొంగలనలేదు. అనడానికి చట్టంలో మాట లేదు.

ఇక్కడ స్త్రీగా నా వాదనే నా చేతిలో ముక్కలయింది. దొంగతనం సెక్షను ఉదాహరణల్లో భార్య రెండుచోట్ల కనపడుతుంది. ఒకచోట బిచ్చగాడికి అన్నం, బట్టలు ఇస్తుంది. ఇంకోచోట ప్రియుడికి విలువైన వస్తువు ఇస్తుంది. రెండుచోట్లా ఆ సొమ్ము భర్తది. ఆమెకు సొంతం అనేది ఉండవచ్చన్న ఊహే అక్కడ లేదు. స్త్రీధనం భార్యదే, దాన్ని దిగమింగిన భర్త మీద నమ్మకద్రోహం కేసు పెట్టవచ్చని మన సుప్రీంకోర్టు చెప్పడానికి 1985లో ప్రతిభారాణి కేసు దాకా ఆగవలసి వచ్చింది. ఇంత కష్టపడి సంపాదించుకున్న 'సొంతం' అనే మాటని నేను అమ్మ తరఫున గట్టిగా పట్టుకున్నాను. పట్టుకున్నాక చూస్తే, దాని రెండో కొస ఇంకొక ఆడమనిషి చేతిలోంచి లాగినది. కూతురి వాటా అడగడం న్యాయమే. కానీ దేనిలో వాటా?

చండ్రుగొండ అనగానే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది 2022 నవంబరు. ఎర్రబోడు దగ్గర పోడు నేలలో నాటిన మొక్కల గొడవలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యాడు. చేసినవాళ్ళు ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయలు. కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. డ్యూటీలో ఉన్న మనిషిని చంపడాన్ని ఏ చరిత్రా సమర్థించదు. ఆయన ఇంట్లోనూ ఒక భార్య, పిల్లలు. కానీ 'నేల ఎవరిది' అన్న ప్రశ్నను నూటయాభై ఏళ్ళు రుజువులు లేనివాళ్ళ నెత్తిన పెట్టి వదిలేస్తే, చివరికి దాని బరువు ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు పేద ఉద్యోగుల, పేద రైతుల మీదే పడుతుంది. మా వంటి ఇళ్ళ మీద పడదు.

2006 అటవీ హక్కుల చట్టం అడవి బిడ్డలకి చారిత్రక అన్యాయం జరిగిందని తన మొదటి పేజీలోనే ఒప్పుకుంది. వెదురు, తేనె, తునికాకు, ఎండుపుల్లలు, దుంపలు - చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం వాళ్ళదేనంది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలంది. 2008 నిబంధనలు ఆ ఉత్పత్తులని తలమోపుగానో, సైకిలు మీదో, తోపుడుబండి మీదో మాత్రమే తీసుకుపోవచ్చన్నాయి. 2012లో ఆ షరతు సడలించారు. అప్పటికి మా అవ్వ లేదు. ఆమె మోసిన ఎండుపుల్లలు ఆమెవే అని చట్టం అన్నప్పుడు వినడానికి ఆమె లేదు. ఆమె మోపులు ఎన్ని కొన్నామో లెక్కలేదు కానీ ఆమె ఇంటిపేరు ఏనాడూ అడగలేదు. కాబట్టి ఆ వేలిముద్రకీ ఆమెకీ ఏమైనా సంబంధం ఉందో లేదో చెప్పగలవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

ఇదంతా అమ్మకి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కోపంగానే అంది: "వాటా అడగమన్నది నువ్వే. తీరా అడిగాక వాటాయే మనది కాదంటావు. మీ మామయ్య నయం, ఒక్క మాట మీద ఉన్నాడు." నా దగ్గర జవాబు లేదు. మామయ్య చేతిలో ఉంటే న్యాయం కాని భూమి అమ్మ చేతిలోకి వస్తే న్యాయం అయిపోదు. అలాగని అమ్మ సంతకం పెట్టేస్తే ఆ భూమి వేలిముద్ర వేసిన వాళ్ళకి చేరదు, మామయ్యకి చేరుతుంది. ఆడపిల్ల త్యాగం చేస్తే లాభపడేది మళ్ళీ ఆ ఇంటి మగవాడే.

అమ్మ చివరికి విడుదల పత్రం మీద సంతకం పెట్టలేదు. సాదాబైనామా మడిచి తన చేతిసంచిలో పెట్టుకుంది. మామయ్య చూస్తూనే ఉన్నాడు. "ఆ పేరు గలాయన మనుషులు ఏ గూడెంలో ఉన్నారో కనుక్కో. ముందు వాళ్ళ మాట విందాం" అంది నాతో.

పాఠం తర్జుమా ఇంకా పూర్తి కాలేదు. అయిదు అంశాల్లో నాలుగింటికి మాటలు దొరికాయి. 'పరాయి' దగ్గర ఖాళీ వదిలి పెట్టాను. వచ్చే నెల చండ్రుగొండ వెళ్ళి వచ్చాక రాస్తాను.